అద్దంలాంటి బల్ల, అర మిల్లీమీటరు జాగ్రత్త

చార్మినార్ వైపు నుండి నయాపూల్ మీదుగా మూసీ నదిని దాటితే అఫ్జల్‌గంజ్ ఎదురవుతుంది. 1857 నుండి 1869 వరకు హైదరాబాదును పాలించిన ఐదవ నిజాం అఫ్జలుద్దౌలా పేరిట వెలసిన పేట ఇది. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా ఆరంభమైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం నేడు ఇక్కడే నది ఒడ్డున ఉంది. ఇక్కడి నుండి సిద్దిఅంబర్ బజార్, ఉస్మాన్‌గంజ్ వీధుల దాకా నడిస్తే మేకు మొదలు వార్నిష్ డబ్బా వరకు ఇంటిపనికి కావలసిన సరుకు దొరుకుతుంది.

ఒక రంజాన్‌కు ముందు మేమూ ఆ వీధులకే వెళ్ళి పాలిష్ సామాను తెచ్చుకున్నాము. ఇఫ్తార్‌కు బంధువులు వచ్చేలోగా భోజనబల్ల మెరవాలని ఆరాటం. తొందరలో పనివాడు యంత్రంతో గట్టిగా రుద్దాడు. ఒక మూలన అరచేయంత మేర టేకు చారలు మాయమై, పాలిపోయిన ప్లైవుడ్ బయటపడింది. ఆ బల్ల ఆసాంతం టేకని చెప్పి అమ్మారు. మేమూ అలాగే నమ్మాము. నిజానికి అది వెనీర్ అతికించిన బల్ల.

వెనీర్ అంటే మోసమా?

కాదు. మేలిరకం కలపను పలుచని పొరలుగా కోసి, సాధారణ చెక్కపై అతికించే పద్ధతి ప్రాచీన ఈజిప్టు నాటిది. మంచి కలప కొరతగా ఉన్నచోట అది పొదుపైన విద్య. వెనీర్‌ను వెనీర్‌గా చెప్పి అమ్మితే దోషం లేదు, దాచితేనే దోషం. కొనేటప్పుడు బల్ల అంచును, అడుగుభాగాన్ని చూడండి. పైనున్న గీతలు అంచు మీదుగా సహజంగా కొనసాగితే అది నిండు కలప కావచ్చు. అంచున వేరే పట్టీ గానీ, పొరలు గానీ కనిపిస్తే వెనీర్ అని గ్రహించాలి. నేటి వెనీర్ మందం తరచు అర మిల్లీమీటరుకు అటూఇటూ మాత్రమే. అది ఒకసారి అరిగితే తిరిగి రాదు.

నునుపు ఎలా వస్తుంది?

టేకు ఉపరితలంలో సన్నని రంధ్రాలు ఉంటాయి. వాటిని నింపకుండా ఎన్ని పూతలు వేసినా అద్దంలాంటి చదును రాదు. మొదట సన్నరకం గరుకు కాగితాన్ని చదునైన చెక్కముక్కకు చుట్టి, గీతల వెంబడి తేలికగా రుద్దాలి. వేళ్ళతో నేరుగా రుద్దితే పల్లాలు పడతాయి. దుమ్ము తుడిచాక కలప రంగులోని ఫిల్లర్‌ను గీతలకు అడ్డంగా పట్టించి, మిగిలినదాన్ని తుడిచివేసి, పూర్తిగా ఆరనివ్వాలి. ఆపై సీలర్ రెండు మూడు పూతలు వేసి, ఆరిన తరువాత 320 నంబరు కాగితంతో సున్నితంగా రుద్దాలి.

రుద్దవలసింది పూతను, కలపను కాదు. రహస్యమంతా ఇక్కడే ఉంది. దీపాన్ని బల్లకు పక్కగా, కిందికి ఉంచి చూడండి. రుద్దిన చోట మెరుపు తగ్గుతుంది. పల్లాలు మాత్రం మెరుస్తూనే ఉంటాయి. మెరిసే చుక్కలు ఇంకా ఉంటే మరో పూత వేయాలి, లోతుగా రుద్దకూడదు. అంచులు ముందుగా అరుగుతాయి కనుక అక్కడ చెయ్యి మరీ తేలికగా ఆడాలి.

చివరి పూత వేసిన మరునాడే మెరుగు పెట్టడం మరో పొరపాటు. ద్రావకం ఆవిరయ్యే కొద్దీ పూత కుంచించుకుపోయి రంధ్రాలు మళ్ళీ కనిపిస్తాయి. కనీసం వారం పది రోజులు ఆగి, 600, ఆపై 1000 నంబరు నీటి కాగితంతో కొద్దిపాటి సబ్బునీటితో రుద్ది, రబ్బింగ్ కాంపౌండ్‌తో మెరుగు పెట్టాలి. పూత లేని అంచులకు నీరు తగలరాదు.

ఏ పూత మేలు?

లక్క పాలిష్ మన దేశపు పాత విద్య. మోదుగ, రేగు వంటి చెట్లపై బతికే లక్క పురుగుల నుండి వచ్చే పదార్థాన్ని స్పిరిట్‌లో కరిగించి పూస్తారు. అందం గొప్పది, మరమ్మతూ సులువు. అయితే వేడి చాయ్ కప్పు, శానిటైజర్ చుక్క దానిపై మరక వేస్తాయి. నిత్యం దస్తర్‌ఖాన్ పరిచే బల్లకు మెలమైన్ లేదా పీయూ పూత మేలు. గట్టిపరిచే ద్రవాన్ని డబ్బాపై చెప్పిన పాళ్ళలోనే కలపాలి. పీయూను స్ప్రే చేసేటప్పుడు ఆవిరులను ఆపగల సరైన మాస్కు తప్పనిసరి. పిల్లలను, గర్భిణులను దూరంగా ఉంచాలి. థిన్నర్, స్పిరిట్ దగ్గర పొయ్యి గానీ, ఊద్ పొగ గానీ ఉండరాదు. వానాకాలపు తేమలో పూత తెల్లబారుతుంది కనుక పొడి రోజులను ఎంచుకోవాలి.

మా బల్ల మూలను ఒక పెద్ద మేస్త్రి కొత్త వెనీర్ ముక్క అతికించి సరిచేశారు. అతుకు కనిపిస్తుందని ముందే చెప్పి, ఒప్పుకున్న తరువాతే పనికి దిగారు. బజారులో ధాన్యపు రాశి అడుగున తడి దాచిన వ్యాపారిని దైవప్రవక్త (సల్లం) మందలించిన ఉదంతం అప్పుడు గుర్తుకు వచ్చింది. ఆ అతుకు నేటికీ కనిపిస్తూనే ఉంది. ఇంటికి వచ్చినవారు అడిగితే, అది వెనీర్ బల్ల అనే చెబుతున్నాము.