హీరో దూకేశాడు సరే... బండిని ఎవరు ఆపారు?

హాల్లో ఈలలు పడే సీనొకటి చెబుతాను. హీరో గుట్ట మీదికి బండి ఎక్కిస్తాడు. ఎదురుగా విలన్! ఇంజను ఇంకా గుర్రుమంటూనే ఉంటుంది, మనవాడు ఎగిరి దూకేస్తాడు. అందరూ హీరో పిడికిలి చూసేవాళ్ళే గాని, ఆ బండి ఏమైందని అడిగేవాళ్ళేరీ? వాలు మీద బ్రేకు వెయ్యకుండా వదిలేసిన బండి న్యాయంగా అయితే పల్లంలోకి దొర్లిపోవాలి. షాటు అక్కడ కట్ అయింది గనుక సరిపోయింది!

అలాంటి ఫైట్లకు ఇప్పుడు జీపే కానక్కర్లేదు, ఎటివి వచ్చింది. అంటే ఎలాంటి నేల మీదైనా నడిచే బండి. గుర్రం మీద కూర్చున్నట్టు అటో కాలు ఇటో కాలు వేసి కూర్చోవాలి. స్కూటరుకున్నట్టు హ్యాండిల్, బొటనవేలితో నొక్కే యాక్సిలరేటరు, గాలి తక్కువగా పట్టించిన లావుపాటి టైర్లు. 1970లో హోండా కంపెనీ అమెరికాలో మూడు చక్రాలతో దించింది. మరుసటేడే జేమ్స్ బాండ్ చిత్రం ‘డైమండ్స్ ఆర్ ఫరెవర్’లో అది ఎడారి ఛేజింగుకి ఎక్కేసింది. షాన్ కానరీ ఎక్కిన బండంటే కుర్రకారు ఊరుకుంటారా? కాని మూడు చక్రాల బండి మలుపుల్లో బోల్తాలు కొట్టి ఎందరినో ఆస్పత్రి పాలు చేసింది. 1988 నాటికి అమెరికాలో దాని అమ్మకమే ఆగిపోయింది. నాలుగు చక్రాలది నిలిచింది.

నాలుగు చక్రాలున్నాయి గదా, ఇక భయమేముందంటారా? మొన్న ఆత్మకూరు మీదుగా సోమశిల వెళ్ళాను. వెలిగొండలను చీల్చుకుని పెన్న బయటపడే చోటది. అక్కడ కట్టిన జలాశయం 78 టీఎంసీల నీళ్ళు పట్టేంత పెద్దది. ఉత్తరాన ఉదయగిరి దుర్గం. 1514లో దాన్ని పట్టుకోవడానికి కృష్ణదేవరాయలంతటివాడికే ఏడాదికి పైగా పట్టింది. ఇసుక, బురద, రాయి, ఏటవాలు... ఎటివికి పరీక్ష పెట్టే నేలలన్నీ అక్కడే ఉన్నాయి.

దారిలో ఒక ట్రాక్టరు ఎత్తు మీద ఆగింది. డ్రైవరు ఇంకా దిగనేలేదు, వెనకున్న కుర్రాడు గభాలున దూకి చక్రానికి దిగువన పెద్ద రాయి అడ్డం పెట్టాడు.

“బ్రేకుంది గదయ్యా, రాయెందుకూ?” అన్నాను.

“బ్రేకుండాది సార్. దిగువ గూడా ఉండాదిగా!” అన్నాడు.

ఫైట్ మాస్టర్లు కూడా రాసుకోవలసిన డైలాగు!

ఎటివి నేలకు బాగా ఎత్తుగా ఉంటుంది. అందుకే రాళ్ళు దాటుతుంది, అందుకే తేలిగ్గా పల్టీ కూడా కొడుతుంది. దాన్ని నిలబెట్టేది సగం నడిపేవాడి ఒళ్ళే. ఎత్తు ఎక్కేటప్పుడు ముందుకు వంగాలి. దిగేటప్పుడు తక్కువ గేరులో, వెనక్కి జరిగి కూర్చోవాలి. వాలుకి అడ్డంగా పోతుంటే గట్టు వైపు ఒరగాలి. వెనక హీరోయిన్ కూర్చుందనుకోండి, ఈ ఒరగడం కుదరదు. అందుకే చాలా ఎటివిల మీద ఒక్కరే ఎక్కాలి. డ్యూయెట్లు వేరే చోట పెట్టుకోండి!

మధ్యలో ఇంజను ఆగిపోతే అక్కడికక్కడే తిప్పబోకండి. బ్రేకు పట్టి, బరువు ఎగువకు మోపి, ఎగువ వైపే దిగండి. తారురోడ్డు ఎక్కించకండి. ఆ టైర్లు మట్టికోసం చేసినవి, తారు మీద మలుపు తిరగనివ్వవు. హెల్మెట్ తప్పనిసరి. పదహారేళ్ళు నిండని తమ్ముళ్ళకు పెద్ద బండి ఇవ్వకూడదు.

ఇక ఆపడం. సమంగా ఉన్న గట్టి నేల చూసుకోండి. ఇంజను ఆపి, పార్కింగ్ బ్రేకు వేసి, తాళంచెవి జేబులో వేసుకోండి. చెవి బండికే వదిలితే ఏ పిల్లాడో బొటనవేలితో నొక్కుతాడు. వాలు మీద ఆపక తప్పదా? బ్రేకుతో పాటు గేరులోనో, పార్కింగ్ గేరుంటే అందులోనో పెట్టి, దిగువ వైపు చక్రాలకు రాళ్ళు వెయ్యండి. జలాశయం అంచున నీళ్ళు తీసిన నేల పైకి ఎండినట్టే ఉంటుంది, అడుగున బురదే. అక్కడ ఆపితే బండి కూరుకుపోతుంది. ఎండుగడ్డి మీదా వద్దు. కాలిన సైలెన్సరు తగిలితే వేసవిలో కొండే అంటుకుంటుంది. అన్నట్టు, జలాశయం కట్ట మీదా, పెంచలకోన వైపు అభయారణ్యంలోనూ అనుమతి లేకుండా బండి తోలకూడదు సుమా!

ఈసారి తెరమీద హీరో బండి దూకితే ఈల వెయ్యండి, కాదనను. సినిమాలో బండిని కెమెరా వెనకున్నవాళ్ళు ఆపుతారు. మీ బండి వెనక మీరొక్కరే!