బొరియ దొరికితేనే గట్టు నిలిచేది!
జీఆర్‌ఈలో మార్కులు ఎటు పోతున్నాయో ముందు చూసుకోవాలి

ఆత్రేయపురం: చేలో పెట్టిన నీరు తెల్లారేసరికి దిగిపోతే రైతు వెంటనే మళ్లీ నీరు పెట్టడు. గట్టు చుట్టూ తిరిగి పీత బొరియ ఎక్కడుందో చూస్తాడు. అది పూడ్చాకే నీరు వదులుతాడు. అమెరికా చదువుకోసం జీఆర్‌ఈ రాసే మన పిల్లలు చాలామంది ఇందుకు తలకిందులుగా చేస్తున్నారు. ఇంగ్లీషులో మార్కులు తగ్గగానే వేల మాటల పట్టిక తెచ్చి బట్టీకి కూర్చుంటున్నారు.

తెలుగు మీడియంలో చదివి ఇంజనీరింగుకు వెళ్లిన వారికి లెక్కల కంటే ‘వెర్బల్’ అంటేనే బెదురు. 2023 సెప్టెంబరులో పరీక్షను కుదించాక ఇందులో 27 ప్రశ్నలే ఉన్నాయి. మొదటి విడత 12 ప్రశ్నలకు 18 నిమిషాలు, రెండో విడత 15 ప్రశ్నలకు 23 నిమిషాలు. మార్కులు 130 నుంచి 170 వరకు వేస్తారు. మొదటి విడత ఎలా రాశారన్న దాన్నిబట్టి రెండో విడత ప్రశ్నలు తేలికగానో కఠినంగానో వస్తాయి.

తప్పుల పుస్తకం

పరీక్ష పెట్టే ఈటీఎస్ సంస్థ కంప్యూటర్‌పై రెండు నమూనా పరీక్షలు ఉచితంగా ఇస్తోంది. ముందు ఒకటి గడియారం పెట్టుకుని రాయాలి. తర్వాత తప్పిన ప్రతి ప్రశ్నకూ కారణం నోటు పుస్తకంలో రాసుకోవాలి. ముఖ్యంగా చూడవలసిన కారణాలు నాలుగు.

మాట తెలియకపోవడం ఒకటి. దీనికే పట్టిక పనికొస్తుంది. అదీ వాక్యంలో పెట్టి నేర్చుకోవాలి.

వాక్యం మలుపు పట్టుకోలేకపోవడం రెండోది. ‘ఆల్దో’, ‘హౌఎవర్’ వంటి మాట రాగానే భావం ఎదురు తిరుగుతుంది. ఖాళీలు పూరించేముందు ఆ మాట కింద గీత ఉన్నట్టు చూడాలి. మూడు ఖాళీల ప్రశ్నలో ఒక్కటి తప్పినా మార్కు రాదు.

పాఠంలో లేనిది ఊహించడం మూడోది. జవాబు లోకంలో నిజమైనా పాఠంలో ఆధారం లేకపోతే తప్పే. ప్రతి జవాబుకూ ఆధారమైన వాక్యాన్ని వేలుపెట్టి చూపగలగాలి.

వేళ చాలకపోవడం నాలుగోది. చిక్కు ప్రశ్నను గుర్తుపెట్టి వదిలి, అదే విడతలో మళ్లీ రావచ్చు. తప్పుకు మార్కు కోయరు గనుక ఏదీ ఖాళీగా వదలరాదు.

పది తప్పుల్లో ఆరు పాఠాల దగ్గరే పోయాయనుకోండి. మూడు వేల మాటలు బట్టీ వేసినా ఆ ఆరూ తిరిగి రావు. ఎక్కువ తప్పులున్న చోటే ఎక్కువ గంటలు పెట్టాలి. నెల తర్వాత రెండో నమూనా రాసి, పాత తప్పులు తగ్గాయో లేదో పుస్తకంతో సరిచూసుకోవాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. పరీక్ష ఫీజే ఇరవై వేల రూపాయలు దాటింది. 21 రోజుల తర్వాత మళ్లీ రాయవచ్చు గానీ, ప్రతిసారీ ఫీజు కట్టవలసిందే. చాలా విశ్వవిద్యాలయాలు ఇప్పుడు జీఆర్‌ఈ అడగడం లేదు. ఫీజు కోసం అప్పుకు వెళ్లేముందు, చేరదలచిన చోట అది కావాలో వద్దో అబ్బాయినో అమ్మాయినో అడిగి తెలుసుకోండి.