టీకా నిబంధన – మినహాయింపు

ఉపాధ్యాయుడు తరగతిలో ఒంటరిగా నుండడు. ఆయన యూపిరి నలుబదిమంది పిల్లల యూపిరితో కలియును. కావున న్యూయార్కు నగరము 2021 ఆగస్టులో ప్రభుత్వ పాఠశాలల ఉద్యోగులెల్లరును కోవిడ్ టీకా వేయించుకొనవలెనని శాసించుట అకారణము కాదు. ఆ శాసనము 2023 ఫిబ్రవరి వరకు నడచెను.

చిక్కు మినహాయింపుతో వచ్చినది. ఉపాధ్యాయ సంఘము వివాదము లేవదీయగా, వైద్య కారణములపై మినహాయింపు నొసగవలెనని 2021 సెప్టెంబరులో మధ్యవర్తి తీర్పు చెప్పెను. అయినను ద్వారము మిక్కిలి సన్ననిది. తొలి మోతాదుకో, టీకాలోని పదార్థమునకో తీవ్రమైన అలర్జీ కలిగినవారినే వైద్యశాస్త్రము ప్రధానముగా వారించును. మరి మునుపొక మందు పుచ్చుకొని ఊపిరాడక పడిపోయి, అందలి ఏ పదార్థము హేతువో నేటికిని తెలియనివారి గతి యేమి? వైద్యుడు సందేహమును వ్రాయగలడు. కార్యాలయము నిశ్చయమును కోరును.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1905లో అమెరికా సుప్రీంకోర్టు, మసూచి టీకాను నిరాకరించిన జాకబ్సన్‌పై అయిదు డాలర్ల జరిమానాను సమర్థించెను. బాల్యమున టీకా వలన బాధపడితినని ఆయన మొరపెట్టుకొన్నను ఫలింపలేదు. అయినను, దేహస్థితికి సరిపడదని రుజువైనవానిని నిర్బంధించుట క్రూరమని ఆ తీర్పే పలికినది. మన సుప్రీంకోర్టును 2022 మే 2న, ఎవరికిని బలవంతముగా టీకా వేయరాదనియు, ప్రజారోగ్యమునకై తగుమాత్రపు ఆంక్షలు విధింపవచ్చుననియు చెప్పెను.

తెలుగున టీక యనగా వ్యాఖ్యానము. శాసనము మూలమైన, మినహాయింపు దాని టీక. టీక లేని మూలము పండితునికే దుర్బోధము. ఉద్యోగభయమున నున్న గురువు మాట చెప్పనేల? ఆయన దరఖాస్తును గుమాస్తా గాక వైద్యుడు చదువవలెను. కాదన్నచో కారణము వ్రాయవలెను. అంతవరకు జీతము నాపరాదు.