మూలికలు మందులు కావా?



గడచిన కార్తికమాసమున మా పాలకొల్లు క్షీరారామమునకు మా పినతల్లి కూతురు నాతోడ దర్శనమునకు వచ్చినది. గుడి వెలుపలికి రాగానే యెండవెలుగున ఆమె కన్నులు పసుపుపచ్చగా నుండుట చూచి నేను నిలిచిపోతిని. రెండువారములనుండి ఆకలి లేదనియు, ఒడలెల్ల దురదయనియు, మూత్రము చిక్కని పసుపుగా వచ్చుచున్నదనియు చెప్పినది. పచ్చకామెర్లని వారి యత్తగారు అప్పటికే మూడుదినములు పసరు పోయించినారట.

డాక్టరుగారు “ఏమైన మందులు వాడుచున్నారా అమ్మా?” యని యడుగగా “ఏమియు లేదండీ” యనెను. అబద్ధమాడలేదు. రెండవ కాన్పు తరువాత ఒళ్లు వచ్చినదని ఒక పెండ్లిలో నలుగురును నవ్వినారని, ఇంటింటికి వచ్చి యమ్ము నొకామె వద్ద కొని, రెండుమాసములుగా పూటకు రెండు చొప్పున మ్రింగుచున్న గొట్టపుమాత్రలు ఆమె లెక్కలో మందులు కావు, మూలికలు. డబ్బామీద ఆకుబొమ్మ కలదు. వైరసు వలని కామెర్లు కావనియు, కాలేయము దెబ్బతిన్నదనియు రక్తపరీక్షలలో తేలి, మఱల మఱల యడిగిన పిమ్మటగాని ఆ డబ్బా సంగతి బయటపడలేదు. మాత్రలు మానిన యాఱువారములకు కన్నులు తెల్లబడినవి.

మన శాస్త్రములో లేవా యని కొంద ఱడుగుదురు. కలవు. చరకసంహిత సూత్రస్థానమున 21వ అధ్యాయము స్థూలులను, కృశులను గూర్చినదే. త్రిఫలములు, తిప్పతీగ, తుంగముస్తలు, తేనె, యవలు అందు చెప్పబడినవి. కాని జాగరణము, వ్యాయామము మున్నగువానిని సైతము క్రమక్రమముగా పెంచుకొమ్మని యున్నది. నెలకు పదికిలోలను మాట నా కెక్కడను కనబడలేదు!

ఇప్పటి డబ్బాలలో తఱచుగా నుండునది గార్సీనియా కాంబోజియా. మలయాళదేశమువారు చేపలపులుసులో వేసికొను పుల్లని కాయయే యిది. పులుసులో రెండు ముక్కలు వేయుట వేరు, దాని సత్తు తీసి దట్టించిన మాత్రలు నెలలతరబడి తినుట వేరు. అట్లు తిన్నవారిలో కొందఱికి కాలేయము చెడినట్లు వైద్యులు పలుమారులు ప్రకటించిరి. గ్రీన్ టీ సత్తు సంగతియు నట్టిదే. అందలి ముఖ్యద్రవ్యమును మాత్రలరూపమున దినమునకు 800 మిల్లీగ్రాములు గాని అంతకు మించి గాని పుచ్చుకొన్నచో కాలేయమునకు హాని సూచనలు కన్పట్టునని 2018లో ఐరోపా ఆహారభద్రతాసంస్థ తెలిపినది. ఇంట కాచుకొని త్రాగు తేనీటికి సాధారణముగా నీ భయము లేదు. సునాముఖి కలిపిన పొడులు విరేచనము చేయించి తూనికను తగ్గించును. అట్లు పోవునది నీరే గాని క్రొవ్వు కాదు. దానితో పొటాషియము పోయి కండరములు నీరసించును, గుండె లయ తప్పవచ్చును.

1990 ప్రాంతమున బెల్జియము దేశపు బ్రస్సెల్సు నగరమున సన్నబడుటకై యొక వైద్యశాలకు పోయిన స్త్రీలలో నూఱుమందికి పైగా మూత్రపిండములు చెడిపోయినవి. ఒక చీనామూలికకు మాఱుగా అరిస్టలోకియా యను విషమూలిక మాత్రలలో చేరుటయే కారణమని తేలినది. కొందఱికి పిదప మూత్రమార్గమున క్యాన్సరును పుట్టినది. మనవారు పాముకాటునకు వాడుచు వచ్చిన ఈశ్వరి దాని జ్ఞాతియే. కావున చెట్టుమందులో చెడుగుండదను మాట నేను నమ్మను.

మూలికయే కానిది మూలికపేర వచ్చుట మఱియొక చిక్కు. సిబుట్రమీను అను ఆకలిమందు రక్తపుపోటును, గుండెవేగమును పెంచునని 2011లో మన దేశమున నిషేధింపబడినది. అయినను దానినే రహస్యముగా కలిపిన మూలికామాత్రలు పలుదేశములలో పట్టుబడినవి. స్థౌల్యమును కుదుర్చునని మందుల ప్రకటనలు చేయరాదని 1954 నాటి చట్టమే కలదు. సెల్‌ఫోను తెఱచినచో ఆ చట్ట మెవరికి జ్ఞాపకమున్నదో తెలియదు.

గర్భిణులు, పాలిచ్చు తల్లులు, రక్తపుపోటునకు గాని మధుమేహమునకు గాని మందు వాడువారు వైద్యు నడుగక వీనిని ముట్టరాదు. కన్నులు పచ్చబడినను, గుండె దడ పుట్టినను వెంటనే మాని, డబ్బాను పారవేయక వైద్యుని యొద్దకు కొనిపోవలెను. మందులవలని కీడును తెలుపుటకు 1800-180-3024 అను ఉచిత ఫోను కలదు. మా చెల్లెలి విషయమున నేనే చేసితిని. మాత్రల పేరును, డబ్బామీది తయారీసంఖ్యను అడిగిరి. డబ్బా దాచియుంచుటచేత చదివి చెప్పగలిగితిని.