పాత పింఛను బాండు.. సరెండర్‌కు ముందు ఒకసారి చదవండి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: పాతికేళ్ల కిందట ప్రీమియం కట్టడం మొదలుపెట్టిన పింఛను పాలసీలు ఇప్పుడు ఒక్కొక్కటిగా గడువుకు చేరుతున్నాయి. ఉమ్మడి వరంగల్ జిల్లాలో నాడు తీసుకున్న బాండ్లు నేడు మూడు జిల్లాల్లోని ఇళ్ల బీరువాల్లో ఉన్నాయి. బిడ్డ పెళ్లికో, ఇంటి మరమ్మతుకో వాటిని సరెండర్ చేయాలనుకునే వారు ముందుగా బాండులోని ఒక్క షరతును పరిశీలించాలి. అదే యాన్యుటీ రేటుపై హామీ.

యాన్యుటీ రేటు అంటే..
పింఛను పాలసీకి రెండు దశలు ఉంటాయి. మొదటి దశలో ప్రీమియంలతో నిధి పోగవుతుంది. రెండో దశలో సంస్థ ఆ నిధిని తన వద్దే ఉంచుకుని జీవితాంతం పింఛను చెల్లిస్తుంది. ఈ చెల్లింపునే యాన్యుటీ అంటారు. నిధిలో ప్రతి లక్షకు ఏడాదికి ఎంత ఇస్తారన్నది యాన్యుటీ రేటు. చాలా పాలసీలకు పింఛను మొదలయ్యే నాటి రేటు వర్తిస్తుంది. కొన్ని పాత పాలసీల్లో మాత్రం ఆ రేటునో, పింఛను మొత్తాన్నో బాండు ఇచ్చిన నాడే ఖరారు చేశారు.

తేడా ఎందుకు?
నాటి వడ్డీలు వేరు. 2000 జనవరి వరకు ప్రజా భవిష్య నిధి (పీపీఎఫ్)పై 12 శాతం వడ్డీ ఉండేది. 2020 ఏప్రిల్‌లో అది 7.1 శాతానికి దిగింది. వడ్డీ తగ్గితే యాన్యుటీ రేటూ తగ్గుతుంది. మనుషుల ఆయుర్దాయం పెరిగినా అదే ఫలితం. హామీ ఉన్న బాండుకు మాత్రం ఈ తగ్గుదల అంటదు.

ఉదాహరణకు నిధి రూ.5 లక్షలు అనుకుందాం. బాండులో 10 శాతం హామీ ఉంటే ఏడాదికి రూ.50 వేలు వస్తాయి. 7 శాతమే వర్తిస్తే వచ్చేది రూ.35 వేలు. ఇరవై ఏళ్లలో తేడా రూ.3 లక్షలు. 7 శాతం రేటున రూ.50 వేల పింఛను కొనాలంటే రూ.7 లక్షలకు పైగా కావాలి. సరెండర్ పత్రంలో మాత్రం ఈ అదనపు విలువ కనిపించదు.

సంస్థలకు భారమే
ఈ హామీ ఎంత బరువైనదో బ్రిటన్‌లోని ఈక్విటబుల్ లైఫ్ ఉదంతం చెబుతుంది. 1762లో పుట్టిన ఆ సంస్థ, హామీ రేటు కోరిన పాలసీదారులకు బోనస్ తగ్గించాలని చూసింది. అది చెల్లదని 2000 జులైలో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పునిచ్చింది. అదే ఏడాది డిసెంబరులో సంస్థ కొత్త పాలసీల విక్రయాన్ని ఆపేసింది.

వీరికి వర్తించదు
భూపాలపల్లి గనుల్లో పనిచేసిన సింగరేణి కార్మికులకు 1998 నాటి బొగ్గు గనుల పింఛను పథకం కింద సర్వీసు, వేతనం ఆధారంగా లెక్క కడతారు. 2004 సెప్టెంబరు 1 నుంచి నియమితులై సీపీఎస్ పరిధిలో ఉన్న ఉపాధ్యాయులు, ఉద్యోగులు పదవీ విరమణ వేళ సాధారణంగా నిధిలో కనీసం 40 శాతంతో యాన్యుటీ కొనాలి. వారికి వర్తించేది నాటి రేటే.

షరతులు చూడాలి
జీవన్ ధార, జీవన్ సురక్ష వంటి పాత పాలసీలు ఉన్నవారు పేరును బట్టి నిర్ణయానికి రాకూడదు. బాండులో రాసిందే ప్రమాణం. హామీ నిర్ణీత వయసుకో, ఒకే తరహా పింఛనుకో పరిమితం కావచ్చు. గడువు వాయిదా వేస్తే పోవచ్చు. తదనంతరం భార్యకు లేదా భర్తకు పింఛను వస్తుందో లేదో తెలుసుకోవాలి. గతంలో ప్రీమియంపై పన్ను రాయితీ పొంది ఉంటే సరెండర్ సొమ్ముపై పన్ను పడవచ్చు. తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారికి, అధిక వడ్డీ అప్పు ఉన్నవారికి ఒక్కసారిగా వచ్చే సొమ్మే మేలు కావచ్చు.

ఏం చేయాలి?
* హామీ రేటు ఉందా, పింఛను ఎంత, సరెండర్ విలువ ఎంత.. ఈ మూడింటికీ శాఖ నుంచి రాతపూర్వక జవాబు తీసుకోవాలి. ఏజెంటు నోటిమాటపై ఆధారపడరాదు.
* బాండు పోతే నకలుకు దరఖాస్తు చేయాలి.
* చిరునామా, బ్యాంకు ఖాతా, నామినీ వివరాలను గడువుకు ముందే సరిచేయించుకోవాలి.
* సంస్థ ఫిర్యాదును తిరస్కరించినా, నెలలోగా జవాబివ్వకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఏడాదిలోగా ఆశ్రయించవచ్చు. రుసుము లేదు, న్యాయవాది అక్కర్లేదు.

సరెండర్ సొమ్ము చేతికందాక పాత హామీని తిరిగి పొందడం దాదాపు అసాధ్యం. లెక్క చూసుకున్న తర్వాతే సంతకం చేయాలి.