పాలు మాన్పించుట: తల్లికిని పిల్లకును గల తగవు



వేముల, పులివెందుల ప్రాంతములలో గొఱ్ఱెలను మేపువారు ప్రతి ఈతయందును ఒక వింత చూచుచుందురు. ఈనిన నాడు పిల్లను నాకి, మూర్కొని, వేఱొక పిల్లను దరి చేరనీయని తల్లియే, మూడు నెలలు గడచునప్పటికి ఆ పిల్లను కాలితో త్రోసివేయును. పొదుగునకు మూతి పెట్టగానే నడచిపోవును. పిల్ల అఱచును, వెంటబడును, వెనుకనుండి దూరి కుమ్మును. తల్లికి ప్రేమ తప్పినదని కొందఱును, పిల్లకు పొగరెక్కినదని కొందఱును అందురు. రెండును సరికావు.

పాలు ఊరక వచ్చునవి కావు. మేత చాలనప్పుడు తల్లి తన ఒంటి క్రొవ్వును కరగించి పాలిచ్చును. ఈ పిల్లకు అధికముగా పోసినది రాబోవు ఈతకు తగ్గును. 1972లో రాబర్ట్ ట్రివర్స్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు దీనికి తల్లిదండ్రుల పెట్టుబడి అని పేరిడెను. ఈ మాట సంఘ సభ్యులకు క్రొత్త కాదు: ఒకనియొద్ద గడువు మీఱి నిలిచిన సొమ్ము వేఱొకని విత్తనములకు అందదు.

1974లో ఆయనయే తగవునకు లెక్క చూపెను. తల్లికి ఈ పిల్లయు, పుట్టబోవు పిల్లయు సమానమే. రెండింటిలోను తన రక్తము సగము. పిల్లకో, తాను నిండు రూపాయి. అదే పొట్టేలికి పుట్టబోవు తోబుట్టువు అర్ధరూపాయి. వేఱు పొట్టేలికి పుట్టినచో పావలా. కావున తల్లి చాలుననుకొనిన నాటికి పిల్లకు చాలదు. ఈ లెక్కను మూగజీవములు ఎఱిగి చేయవు. అట్లు ప్రవర్తించిన వాని సంతతియే తరతరములుగా ఎక్కువగా నిలిచినది.

కోడిపెట్టయు ఇట్లే. గద్దను ఎదిరించి పిల్లలను కాచిన పెట్ట, మరల గ్రుడ్లకు వచ్చుసరికి వానినే పొడిచి తఱుమును. తోబుట్టువులలోను తగవు కలదు. పశువుల వెంట తిరుగు తెల్లకొంగ, గ్రుడ్లన్నియు పెట్టకమునుపే పొదుగ నారంభించును. ముందు పుట్టిన పిల్ల బలిసి, కడపటి దానిని పొడిచి మేతను తానే మ్రింగును. మేత కఱవైనప్పుడు చిన్నదే చచ్చును.

ఎనుము పాడిలో మూడవ పాలివాడు రైతు. దూడ కుడిచినంతనే తల్లి చేపును. చేపిన పాలకు మనము చేయి చాచుదుము. పెయ్యదూడకు కొంత విడిచి, దున్నదూడకు ఏమియు మిగుల్పని ఇండ్లు కలవు. ఇది తల్లి చేసిన పంపకము కాదు. ఆ దూడ ఆకలిచే చచ్చినచో ఆ పాపము మనదే. మొదటి నెలలో దూడ తూకమున పదియవ వంతు పాలు దినమునకు దానికి దక్కవలయును.

గొఱ్ఱెల విషయమున రైతు ఎవరి పక్షమును వహింపరాదు. పిల్లను ఐదాఱు నెలలు కుడువనిచ్చినచో తల్లి చిక్కి, ఆలస్యముగా పొట్టేలికి వచ్చును. ముందే విడదీసినచో పిల్ల క్షీణించును. పుట్టిన మొదటి గంటలలోనే జున్నుపాలు త్రాగింపుడు. రెండు మూడు వారములకే లేతగడ్డియు, కొద్ది దాణాయు అలవాటు చేయుడు. సుమారు మూడు నెలలకు, పిల్ల మేత బాగుగా తినుచున్నదని చూచి, వేఱు దొడ్డికి మార్చుడు. పొట్టేలిని విడుచుటకు రెండు మూడు వారముల ముందునుండి తల్లులకు దాణా కొంచెము పెంచుడు.

ఈ పనులన్నిటికిని పిల్ల వయస్సు తెలిసియుండవలయును. కావున ఈ ఈతనుండియైనను పుట్టిన తేదీలను దొడ్డి గోడమీద బొగ్గుతో వ్రాసియుంచుడు.