విద్యార్థి బల్లపై మానిటర్ : కంటికి పథ్యమైనది, ఖర్చుకు మితమైనది



ఆయుర్వేద వైద్యుడు కంప్యూటర్ మానిటర్ గురించి వ్రాయడమేమిటని మీలో కొందరికి సందేహం కలుగవచ్చు. నా చదువంతా గురువుగారి ఇంట, ఆయన ఎదుట చాపమీద కూర్చుని సాగినది. యంత్రాల విద్య నేను అభ్యసించలేదు. అయినను ఒక రోగి విషయంలో నేను చేసిన పొరపాటు ఈ సంగతులు నాచేత నేర్పించినది. ఆ పొరపాటు ముందు చెప్పి, నేర్చుకొన్నది తరువాత మనవి చేస్తాను.

నేను అడుగని ప్రశ్న

2024 జూలైలో బి.టెక్. రెండవ సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థి సికింద్రాబాదులోని నా వైద్యశాలకు వచ్చాడు. సాయంత్రమయ్యేసరికి కళ్ళమంట, నుదుటి నొప్పి, మెడ పట్టివేత అతని బాధలు. నాడి చూశాను, ఆహారనిద్రలు విచారించాను. పిత్తప్రకోపమని నిశ్చయించి, త్రిఫలా చూర్ణాన్ని తేనె, నెయ్యి అసమభాగాలుగా కలిపి రాత్రిపూట సేవించమన్నాను. అరికాళ్ళకు నువ్వులనూనె మర్దన చెప్పాను. నెల గడిచినా గుణం అంతంతమాత్రమే.

మూడవసారి వచ్చినపుడు, "నాయనా, నీవు చదువుకొనే తీరు ఒకసారి చూపించు" అన్నాను. అతడు సంచిలోనుంచి లాప్‌టాప్ తీసి ఒడిలో పెట్టుకొన్నాడు. మెడ బాగా వంగిపోయినది. 14 అంగుళాల తెరమీద ఆవగింజలవంటి అక్షరాలు. "హాస్టల్లో మంచంమీద ఇలాగేనండీ, రోజుకు ఆరేడు గంటలు" అన్నాడు.

రోగకారణాన్ని విడిచిపెట్టించడమే చికిత్సకు మొదటి మెట్టు అని సుశ్రుతాచార్యులు బోధించారు. దీనినే నిదాన పరివర్జనమన్నారు. బాల్యంలోనే వల్లెవేసిన ఈ సూత్రాన్ని మరచి, కారణం అడుగకుండానే ఔషధం ఇచ్చాను.

అతనిని ముందుగా నేత్రవైద్యుని వద్దకు పంపాను. దృష్టిలో స్వల్పదోషం బయటపడినది, కళ్ళజోడు అవసరమైనది. ఎంత విలువైన మానిటరైనా కళ్ళజోడు చేయవలసిన పనిని చేయలేదు. కనుక మానిటర్ కొనదలచిన విద్యార్థి ముందు కంటి పరీక్ష చేయించుకొనవలెను.

ఇక మానిటర్ సంగతి. అతని తండ్రి కరీంనగర్‌లో బట్టలు కుడతారు. కుమారుని కోసం 9,000 రూపాయలు కూడబెట్టి పంపారు. అబ్బాయి మనసు మాత్రం 18,000 రూపాయల వంపుతెర మానిటర్‌మీద ఉన్నది. మిగిలిన సొమ్ము వాయిదాలలో కడతానన్నాడు. "బాబూ, ఆ తొమ్మిదివేలు మీ నాన్నగారు సూదిలో దారం ఎక్కించే చూపుతో సంపాదించినవి. మరో రూపాయి అప్పు లేకుండా నీ కళ్ళు బాగుపడే దారి చూద్దాం" అన్నాను. ఇద్దరం కలిసి బయలుదేరాము.

శాస్త్రదృష్టి

ఇంద్రియానికీ, అది గ్రహించే విషయానికీ మధ్య సంబంధం చెడినప్పుడు రోగం పుడుతుందని చరక సంహిత చెబుతున్నది. ఆ చెడుట మూడు విధాలు: అతియోగం, అయోగం, మిథ్యాయోగం. మిక్కిలి కాంతిగల వస్తువులను అధికంగా చూడడం కంటికి అతియోగం. బొత్తిగా చూడకపోవడం అయోగం. మరీ దగ్గరగా ఉన్నవాటిని, మరీ దూరాన ఉన్నవాటిని చూడడం మిథ్యాయోగంలో చేరుతుంది.

ఆధునిక నేత్రవైద్యం మరొక కారణం చూపుతున్నది. మనిషి మామూలుగా నిమిషానికి సుమారు 15 సార్లు రెప్పలు ఆర్పుతాడు. తెరను తదేకంగా చూసేటప్పుడు అది సగానికి, ఒక్కొక్కసారి అంతకన్న తక్కువకు పడిపోతుంది. కన్నీటి పొర ఆరిపోయి మంట కలుగుతుంది. కాబట్టి మానిటర్‌ను ఎంచేటప్పుడు అక్షరం స్పష్టమా, వెలుగు మితమా, ఎత్తు సరియైనదా అను మూడు ప్రశ్నలే ముఖ్యం. తక్కినవన్నీ వీటి తరువాతనే.

పరిమాణము, స్పష్టత

తెరమీది బొమ్మ చిన్న చిన్న చుక్కలతో ఏర్పడుతుంది. వాటిని పిక్సెళ్ళంటారు. ఫుల్ హెచ్.డి. తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. తెర పెద్దదైనంత మాత్రాన ఈ సంఖ్య పెరగదు. ఒకే కొలత మూలికకు నీళ్ళు ఎక్కువ పోస్తే కషాయం పలుచబడినట్లే, అవే చుక్కలు పెద్ద తెరమీద పరచుకొంటే అక్షరం అంచులు పలుచబడతాయి. 21.5 అంగుళాల ఫుల్ హెచ్.డి. తెరలో అంగుళానికి సుమారు 102 చుక్కలు, 23.8 అంగుళాలలో 93, 27 అంగుళాలలో 82 మాత్రమే ఉంటాయి.

అందుచేత చదువుకు 22 నుంచి 24 అంగుళాల ఫుల్ హెచ్.డి. తెర యుక్తమైనది. 27 అంగుళాలు కావాలంటే 2560, 1440 చుక్కలుగల తెర తీసుకొనవలెను. అది విద్యార్థి సొమ్ముకు సాధారణంగా అందదు. 1366, 768 చుక్కలుగల చౌక తెరలు ఎంత తక్కువకు వచ్చినా చదువుకు పనికిరావు.

తెరలలో టి.ఎన్., వి.ఎ., ఐ.పి.ఎస్. అని మూడు జాతులున్నవి. టి.ఎన్. తెరను కొంచెం పక్కనుంచి చూసినా రంగులు మారిపోతాయి. వి.ఎ. తెరలో నలుపు గాఢంగా ఉంటుంది. ఐ.పి.ఎస్. ఏ వైపునుంచి చూసినా నిలకడగా కనిపిస్తుంది. ఇద్దరు స్నేహితులు పక్కపక్కన కూర్చుని చదివే గదికి ఐ.పి.ఎస్. మేలు. ఇప్పుడు ఏడెనిమిది వేల రూపాయల ధరలోనే ఇది లభిస్తున్నది.

వెలుగు, మినుకు

పెట్టెమీద 250 నిట్స్ అని ఉన్న ప్రకాశం గదిలో చదువుకు చాలును. నిజానికి అందులో సగమే అవసరపడుతుంది. తెర పక్కన తెల్లకాగితం పట్టుకొని చూడండి. తెర దీపంలా వెలుగుతుంటే తగ్గించవలెను, బూడిదరంగుగా కనిపిస్తే పెంచవలెను. అద్దంలా మెరిసే తెరకన్న నిగనిగలేని తెర శ్రేష్ఠం. కిటికీ, దీపం అందులో ప్రతిబింబించి కంటిని పొడవవు.

కొన్ని మానిటర్లు వెలుగును తగ్గించేందుకు దీపాన్ని అతివేగంగా ఆర్పి వెలిగిస్తాయి. ఆ మినుకు కంటికి తెలియకపోయినా కొందరికి తలనొప్పి తెస్తుంది. 'ఫ్లికర్ ఫ్రీ' అని ఉన్నదానిని ఎంచుకోండి. పరీక్షకు ఒక పెన్సిలు చాలు. తెరను తెల్లగా చేసి, వెలుగు బాగా తగ్గించి, ముందు పెన్సిలును వేగంగా ఆడించండి. అది మసక చారగా కాక విడివిడి పెన్సిళ్ళుగా కనిపిస్తే ఆ తెరలో మినుకు ఉన్నట్లు.

ఎత్తు, దూరము

గురువుగారు గ్రంథాన్ని నేలమీద గానీ, ఒడిలో గానీ ఉంచి చదువనిచ్చేవారు కారు. వ్యాసపీఠంమీదనే ఉంచవలెను. అది గ్రంథానికి గౌరవమని అనుకొనేవాడిని. చదివేవాని మెడకు రక్షణ కూడా అని ఇప్పుడు తెలిసినది.

మానిటర్ పైఅంచు కంటి ఎత్తుకు సమంగా గానీ, కొద్ది దిగువగా గానీ ఉండవలెను. దూరం చేయి చాచినంత. చౌక మానిటర్ల స్టాండు పైకి లేవదు. దానికోసం వేలు పోయనవసరం లేదు. ఇంటిలోని గట్టి పీటను కింద పెడితే సరిపోతుంది. లాప్‌టాప్‌కు కలిపి వాడేటప్పుడు విడిగా ఒక కీబోర్డు మాత్రం అవసరం.

సొమ్ము వృథా కాకుండా

క్షణానికి 144 సార్లు మారే తెర ఆటలకోసం. చదువుకు 60 హెర్ట్జ్ చాలును, అదే ధరకు 75 గానీ 100 గానీ వస్తే సంతోషమే. వంపుతెర, రంగుదీపాలు అనవసరం. నీలికాంతిని తగ్గిస్తుందనే పేరుతో అదనపు ధర చెల్లించకండి. తెరల నీలికాంతి కంటిని పాడుచేస్తుందనుటకు ఆధారం లేదని అమెరికా నేత్రవైద్యుల అకాడమీ చెబుతున్నది. రాత్రివేళ తెర వెలుగు నిద్రను దూరం చేయవచ్చును. దానికి తెరరంగును పసుపుపచ్చగా మార్చే సదుపాయం కంప్యూటర్‌లోనే ఉచితంగా ఉన్నది.

సొమ్ము మరీ తక్కువైతే కార్యాలయాలు వాడి తీసివేసిన మానిటర్లను చూడవచ్చును. వాటిలో అనేకం ఎత్తు సవరించుకొనే మంచి స్టాండుతో వస్తాయి. వెనుక ముద్రించిన తయారీ సంవత్సరం చూడండి. పదేళ్ళు దాటినది వద్దు. వెలుగు పసుపుబారినదా, అంచులు మసకబారాయా పరిశీలించండి. గడువు హామీని బిల్లుమీద వ్రాయించుకోండి.

కొత్తదైనా, పాతదైనా లాప్‌టాప్‌ను వెంట తీసుకొనిపోయి దుకాణంలోనే కలిపి చూడవలెను. హెచ్.డి.ఎమ్.ఐ. రంధ్రం రెండింటికీ ఉంటే ఒక తీగ చాలు. లాప్‌టాప్‌కు టైప్ సి మాత్రమే ఉంటే, అది బొమ్మను పంపగలదో లేదో ముందే తెలుసుకొనవలెను. అన్నీ పంపలేవు. తెల్ల, నల్ల, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు ఒక్కొక్కటిగా తెర నిండా వేసి చూస్తే, చచ్చిన చుక్కలు బయటపడతాయి. చివరగా మీ సొంత పాఠ్యపుస్తకం ఒక పుట తెరిచి ఐదు నిమిషాలు చదవండి. దుకాణంవారు చూపే రంగురంగుల బొమ్మలను బట్టి నిర్ణయించకండి.

పార్క్ లేన్‌లోని సి.టి.సి.లో మేము నాలుగు దుకాణాలు తిరిగాము. 22 అంగుళాల ఐ.పి.ఎస్. మానిటర్ 6,500 రూపాయలు, కీబోర్డు 500, అంతకుముందే కొన్న కళ్ళజోడు 1,500. మొత్తం 8,500. పీట మా ఇంటినుంచి ఇచ్చాను.

కొన్నాక పాటించవలసినవి

ఇరవై నిమిషాలకొకసారి ఇరవై అడుగుల దూరాన ఉన్న వస్తువును ఇరవై సెకండ్లు చూడండి. బుద్ధిపూర్వకంగా రెప్పలు ఆర్పండి. చీకటిగదిలో తెర ఒక్కటే వెలిగించి చదువకండి. పంకా గాలి నేరుగా ముఖానికి తగులరాదు. ఇంటిలో కాచిన కషాయాలను కంటిలో పోసుకొనరాదు, శుభ్రత లోపిస్తే వ్రణం కలుగవచ్చు. కంటిలో మెరుపులు, హఠాత్తుగా నల్లచుక్కలు, తీవ్రమైన నొప్పి, ఒకటి రెండుగా కనిపించడం వంటి లక్షణాలు ఉంటే ఆలస్యం చేయక నేత్రవైద్యుని దర్శించండి.

మూడు వారాలకు ఆ అబ్బాయి మళ్ళీ వచ్చాడు. కళ్ళమంట, తలనొప్పి చాలావరకు తగ్గాయి. మెడనొప్పి మాత్రం కొంత మిగిలినది. ఆరా తీస్తే, రాత్రిపూట మంచంమీద సెల్‌ఫోన్ చూడడం ఇంకా మానలేదని ఒప్పుకొన్నాడు. ఈసారి మందు వ్రాయక, ముందు అది మానమని చెప్పి పంపాను. మిగిలిన 500 రూపాయలు ఏం చేశావని అడిగితే, "నాన్నకు పంపానండీ, ఆయన కూడా కళ్ళు చూపించుకోవాలి కదా" అన్నాడు.